హెడ్ గాస్కెట్ పోయిందా? తేల్చుకోవడం నుంచి తిరిగి బిగించేదాకా

ఎండలు ముదిరాయంటే నాకొచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. "అన్నా, కొండెక్కుతుంటే వేడి ముల్లు ఎర్రగీత దాటేసింది. ఆపి నీళ్లు పోస్తే మళ్లీ లాగింది. అప్పట్నుంచి రెండ్రోజులకో లీటరు తాగుతోంది. హెడ్డు దించాలంటున్నారు, నిజమేనా?" అడిగిన ప్రతివాళ్లకీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు వరసగా ఇక్కడ రాసేస్తున్నా.

హెడ్డంటే ఇంజిన్ పైభాగం. దానికీ కింది బ్లాకుకీ మధ్య పెట్టే పల్చటి పొరే హెడ్ గాస్కెట్. మూడు లేక నాలుగు సిలిండర్లు, అల్యూమినియం హెడ్డు ఉన్న మామూలు కార్ల గురించే ఇదంతా. వాటర్ బాడీనో (కూలెంట్‌ని తిప్పే పంపు), టైమింగ్ బెల్టునో ఒక్కసారైనా సొంతంగా మార్చినవాళ్లు ఈ పని చేసుకోగలరు. స్పానర్ పట్టని వాళ్లు 1 నుంచి 4 దాకా, తర్వాత 7వ భాగం చదివి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఏం అడగాలో తెలుస్తుంది.

ముందే ఒక మాట. గాస్కెట్ ఊరికే పోవడం అరుదు. ఇంజిన్ వేడెక్కడానికి కారణం వేరే ఉంటుంది, గాస్కెట్ దానికి బలవుతుంది. ఆ కారణం పట్టకుండా కొత్తది వేస్తే అదీ అదే దారి పడుతుంది.

## 1. ముల్లు పైకెళ్లిన వెంటనే

నష్టంలో సగం రోడ్డు మీదే జరిగిపోతుంది. అలిపిరి నుంచి తిరుమలకి ఎక్కే రెండో ఘాట్ రోడ్డు, పలమనేరు వైపు మొగిలి ఘాట్, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్, ఎక్కడైనా కథ ఒకటే. ముందు లారీ, మనం చిన్న గేరులో, ఏసీ ఫుల్లు, బండినిండా జనం. ముల్లు లేస్తుంది. "ఇంకో నాలుగు మలుపులేగా" అనుకుంటాం.

హెడ్డు వంగేది ఆ నాలుగు మలుపుల్లోనే. అదే వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. కింద ఇనుప బ్లాకు సాగనంటుంది, పైన హెడ్డు సాగుతానంటుంది. ఆ పెనుగులాటలో మధ్యనున్న గాస్కెట్ నలుగుతుంది.

- ఏసీ ఆపండి. హీటర్ పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ ఫుల్ పెట్టండి. ఉడికిపోతారు, కానీ ఇంజిన్‌లోని వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది.
- చోటు దొరకగానే ఆపి, ఇంజిన్ కట్టేయండి.
- రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కనీసం ముప్పావు గంట. పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా, గోరువెచ్చగా ఉన్నప్పుడే, గుడ్డ వేసి, మెల్లగా.
- కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. చల్లారాకే కొద్దికొద్దిగా పోయండి.
- ముల్లు మళ్లీ లేస్తే ఇక నడపొద్దు, లాక్కెళ్లే బండిని పిలవండి. ఆ ఖర్చు హెడ్డు ఖర్చులో మూలకు రాదు.

మా బావ వాళ్ల పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ సరిగ్గా ఇలాగే రెండో ఘాట్‌లో ఆగింది. పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి బయల్దేరారు. ఆగిన మరుక్షణమే బావ మూత మీద చెయ్యేశాడట. మా అక్క చొక్కా పట్టి వెనక్కి లాగింది కాబట్టి మొహం మిగిలింది. కింద చెప్పే కొలతల్లో కొన్ని ఆ బండివే.

## 2. నిజంగా గాస్కెట్టేనా?

గాస్కెట్ మూడింటిని విడిగా ఉంచుతుంది: సిలిండర్‌లో మండే గ్యాస్, కూలెంట్, ఆయిల్. ఏది దేన్లోకి కారుతోందో దాన్ని బట్టి లక్షణం మారుతుంది. అన్ని లక్షణాలూ ఒకే బండిలో కనబడాలని లేదు.

- బయట చుక్క కారకుండా కూలెంట్ తగ్గుతుంటే, సిలిండర్‌లోకి పోతోందేమో.
- ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, తియ్యటి వాసన: కూలెంట్ మండుతోంది.
- పొద్దున స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకుంటే, గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. ఇది నేను బాగా నమ్మే గుర్తు.
- స్టార్ట్ చేయగానే కాసేపు ఒక సిలిండర్ కొట్టుకుని తర్వాత సర్దుకుంటే, రాత్రి అందులోకి కూలెంట్ దిగి ఉండొచ్చు.
- డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే, నీళ్లు ఆయిల్‌లో చేరాయి.

ఇప్పుడు దొంగ లక్షణాలు. వీటివల్ల అనవసరంగా దిగిన హెడ్లు చాలానే ఉన్నాయి.

ఆయిల్ మూత అడుగున తెల్లటి జిగురు కనబడగానే కంగారు పడొద్దు. ఇంటి నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో, ముఖ్యంగా చలికాలంలో, ఆవిరి చేరి అలా అవుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే ఓసారి గంటసేపు హైవే మీద నడిపి మళ్లీ చూడండి.

పొద్దున్నే వచ్చే పల్చటి పొగ కూడా అంతే, సైలెన్సర్‌లో పేరుకున్న నీరు. ఐదు నిమిషాల్లో ఆగిపోవాలి.

డీజిల్ బండ్లలో మరో ఇద్దరు అనుమానితులున్నారు. ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) లోపల చీలితే కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగా వస్తుంది. ఆయిల్ కూలర్ చీలితే రేడియేటర్ బాటిల్‌లో ఆయిల్ తేలుతుంది. హెడ్డు ముట్టకముందే ఆ రెండింటినీ చూడాలి.

## 3. రుజువు చేసే పరీక్షలు, చవకవి ముందు

బుడగలు. రాత్రంతా చల్లారిన ఇంజిన్. మూత తీసి అంచుదాకా నింపి స్టార్ట్ చేయండి. మొదట కాస్త గాలి రావడం మామూలే. రెండు మూడు నిమిషాలైనా బుడగలు ఆగకుండా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఎగదన్నుతూ వస్తే అనుమానం బలపడినట్టే. మొహం దూరంగా పెట్టుకోండి, వేడెక్కేలోపు ఆపేయండి.

నీలం ద్రవం. రేడియేటర్ మెడలో కూర్చునే గాజు గొట్టం, అందులో పోసే నీలం ద్రవం కలిపి కిట్టుగా దొరుకుతుంది. రేడియేటర్‌లోని గాలిని బల్బుతో పీల్చి ద్రవం గుండా పంపాలి. మండిన గ్యాస్ ఉంటే పెట్రోల్ బండిలో రంగు పసుపుకి మారుతుంది. డీజిల్‌లో ముందు ఆకుపచ్చకి తిరుగుతుంది. కూలెంట్‌ను మెడ కిందికి రెండంగుళాలు తగ్గించి పెట్టండి. ద్రవంలోకి కూలెంట్ వచ్చేసిందంటే ఆ పరీక్ష చెల్లదు.

కూలింగ్ ప్రెషర్. చేతి పంపుతో రేడియేటర్ మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించండి. చాలా కార్లకు 0.9 లేదా 1.1 బార్, అంకె మూత మీదే ఉంటుంది. పావుగంట నిలవాలి. పడిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే ప్లగ్గులన్నీ ఊడదీసి సెల్ఫ్ కొట్టండి. ఏ రంధ్రం నుంచి నీళ్లు చిమ్ముతాయో దోషం అక్కడే. ఎదురుగా మాత్రం నిలబడకండి.

కంప్రెషన్. ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ బయట, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు ఊడదీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు. పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 10 నుంచి 14 బార్ల మధ్య వస్తుంది. అంకెకంటే తేడా ముఖ్యం. బావ బండిలో వచ్చినవి ఇవి: 12, 7, 7, 12. పక్కపక్కనే ఉన్న రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గోడ మీద గాస్కెట్ కాలిందని దాదాపుగా అర్థం.

ఒక్కటే తక్కువగా ఉంటే అందులో ఒక టీ స్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వో, గాస్కెట్టో. డీజిల్ ఇంజిన్‌కి పెట్రోల్ గేజి వాడొద్దు, అక్కడి ఒత్తిడి రెట్టింపు పైనే ఉంటుంది.

లీక్ డౌన్. కంప్రెసర్ దొరికితే ఇది రాజా. పిస్టన్‌ను కంప్రెషన్ టాప్‌లో పెట్టి ప్లగ్ రంధ్రం గుండా గాలి ఎక్కించి చెవి పెట్టండి. ఇంజిన్ తిరక్కుండా పట్టి ఉంచాలి, లేకపోతే గాలి పిస్టన్‌ను కిందికి తన్నేస్తుంది.

- థ్రాటిల్ దగ్గర బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు
- సైలెన్సర్ చివర బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు
- ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు
- పక్క ప్లగ్ రంధ్రంలో అయితే గాస్కెట్
- రేడియేటర్‌లో బుడగలైతే గాస్కెట్, లేదా హెడ్డులోనో బ్లాకులోనో పగులు

రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్టా, పగులా అన్నది బయట నుంచి తేల్చలేం. హెడ్డు దించాకే తెలుస్తుంది. అందుకే ఎంతవుతుందని ముందే ఒక అంకె చెప్పేసే మెకానిక్‌ని నేను అంతగా నమ్మను.

వీటిలో కనీసం రెండు పరీక్షలు ఒకే మాట చెప్పేదాకా స్పానర్ ఎత్తకండి.

## 4. ఎందుకు పోయిందో ఇప్పుడే తేల్చండి

హెడ్డు విప్పాక రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడలేరు. కాబట్టి ముందే:

- ఫ్యాన్ వేళకు తిరుగుతోందా? చాలా కార్లలో కూలెంట్ 95 నుంచి 100 డిగ్రీల ప్రాంతంలో మొదలవ్వాలి. తిరక్కపోతే ఫ్యూజ్, రిలే, సెన్సర్, మోటార్ వరసగా.
- థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కి నీటి దారి తెరిచే వాల్వు). తీసి, గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాచండి. దాని మీద ముద్రించిన వేడి దగ్గర, చాలావాటికి 82 నుంచి 88 డిగ్రీల మధ్య, తెరుచుకోవాలి. పాత గిన్నె వాడండి. నేను పాల గిన్నె వాడి ఇంట్లో నెల రోజులు మాటలు పడ్డాను.
- రేడియేటర్ మూత. చిన్న వస్తువు, పెద్ద పాపం చేస్తుంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు 0.9 బార్ మూత కింద 118 దాటాక గానీ మరగదు. స్ప్రింగ్ వదులైతే ఆ లాభం మొత్తం పోతుంది. అనుమానం ఉంటే మార్చేయండి.
- వాటర్ బాడీ. షాఫ్ట్ ఆడుతోందా, అడుగు రంధ్రం దగ్గర కారిన మరక ఉందా?
- రేడియేటర్ లోపల పూడిందా? ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు పైభాగం కాలుతూ అడుగున చల్లగా ఉంటే పూడినట్టే.

మన వైపు చాలా బండ్లలో నాకు దొరికేది ఈ చివరిదే. కూలెంట్ తగ్గిన ప్రతిసారీ ఇంటి బోరు నీళ్లు పోస్తాం. ఆ నీళ్లు కాగిన బిందె అడుగున ఎలా తెల్లగా గార కడుతుందో రోజూ చూస్తూనే ఉంటాం. రేడియేటర్ గొట్టాలు బిందెకంటే ఎంత సన్నం! బావ బండి రేడియేటర్ కోర్ కోయించి చూస్తే కింది వరసల్లో అగ్గిపుల్ల కూడా దూరలేదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లే.

## 5. సిద్ధం చేసుకోవాల్సినవి

మీ ఇంజిన్ కోడ్‌కి సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్ దొరక్కుండా ఈ పని మొదలుపెట్టొద్దు. బోల్టుల వరస, టార్క్ (ఎంత బలంతో బిగించాలన్న లెక్క), డిగ్రీలు, టైమింగ్ గుర్తులు, హెడ్డు కనీస ఎత్తు, ఇవన్నీ బండి బండికీ మారతాయి.

కొనాల్సినవి:

- హెడ్ గాస్కెట్. పూర్తి సెట్టు తీసుకోండి. వాల్వు సీళ్లు, మ్యానిఫోల్డ్ గాస్కెట్లు అందులోనే వస్తాయి.
- కొత్త హెడ్ బోల్టులు
- టైమింగ్ బెల్టు, టెన్షనర్. చైన్ ఇంజిన్ అయితే చైన్ పరిస్థితి చూసి
- థర్మోస్టాట్, రేడియేటర్ మూత. అవసరమైతే వాటర్ బాడీ
- ఆయిల్, రెండు ఆయిల్ ఫిల్టర్లు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్

పనిముట్లు:

- టార్క్ రెంచి, డిగ్రీలు చూపే యాంగిల్ గేజి. ఈ రెండూ లేకుండా 'చేతి అంచనా'తో బిగించేవాళ్ల దగ్గర ఈ పని చేయించొద్దు.
- స్ట్రెయిట్ ఎడ్జ్ (చదును చూసే ఉక్కు పట్టీ, మామూలు స్కేలు కాదు), ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకులు)
- ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, కార్బన్ క్లీనర్, నూలు పోగులు ఊడని గుడ్డ
- పెద్ద అట్టముక్క, మార్కర్, జిప్ కవర్లు

డీజిల్ వాళ్లు ఆగండి. చాలా డీజిల్ ఇంజిన్లకు గాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది. పాత గాస్కెట్ అంచున చిన్న గంట్లో, రంధ్రాలో ఉంటాయి, వాటి లెక్కే మందం. పాతది చూడకుండా ముందే కొంటే తప్పుడు మందం చేతికొస్తుంది.

## 6. విప్పే వరస

ముందురోజు సాయంత్రం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ నట్లకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడిమీద విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది.

1. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆగిపోయేదాకా ఉంచండి, లైన్లో ఒత్తిడి పోతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయండి.
2. కూలెంట్, ఆయిల్ విడివిడిగా దింపండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకితే చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పిల్లలకు అందకుండా పెట్టండి.
3. ప్రతి కనెక్టర్, ప్రతి పైపు విప్పేముందు ఫొటో. ఎక్కువైనా పర్లేదు.
4. ఎయిర్ ఫిల్టర్ బాక్సు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పక్కకు.
5. ట్యాపెట్ కవర్ తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి టైమింగ్ గుర్తులన్నీ కలపండి. బెల్టు తీసేముందు తెల్ల పెయింటుతో మీ గుర్తులు కూడా పెట్టండి. బెల్టు తీశాక క్రాంకు గానీ క్యామ్ గానీ ఇష్టమొచ్చినట్టు తిప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి.
6. హెడ్ బోల్టులు బయటి నుంచి లోపలికి, అంటే బిగించే వరసకు తలకిందులుగా. ఒక్కోటి పావు చుట్టు, అన్నిటికీ ఒక విడత. మళ్లీ మొదటి నుంచి. ఒకేదాన్ని మొత్తం విప్పేయొద్దు.
7. తీసిన బోల్టుల్ని అట్టముక్క మీద హెడ్డు బొమ్మ గీసి అదే స్థానంలో గుచ్చండి. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి ఉంటాయి.
8. హెడ్డు అంటుకుని రాకపోతే మ్యానిఫోల్డ్ రంధ్రంలో కర్రముక్క పెట్టి అటూ ఇటూ ఊపండి. మధ్య సందులో స్క్రూడ్రైవర్ దూర్చారంటే అక్కడ పడిన గాటులోంచే రేపు నీళ్లు కారతాయి.
9. ఇద్దరు పట్టుకుని నేరుగా పైకి ఎత్తండి. చెక్కముక్కల మీద పెట్టండి. నేల మీద బోర్లిస్తే తెరిచి ఉన్న వాల్వులు వంగుతాయి.

## 7. హెడ్డు చేతికొచ్చాక

పాత గాస్కెట్‌ని పారేయకండి. ఎండలో పట్టుకుని చూడండి. బావ బండిదాని మీద రెండో, మూడో సిలిండర్ల మధ్య సన్న పట్టీలో గోధుమ రంగు చార, దాని నడుమ నల్లగా కాలిన చిన్న గండి. గట్టిగా వేలిగోరంత. 12, 7, 7, 12 అన్నది ఆ గండి గురించే. ఒక పిస్టన్ తల మాత్రం కడిగినట్టు మెరుస్తూ, మిగతావి నల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ పోతోందని అర్థం. ఆవిరి కార్బన్‌ను కడిగేస్తుంది.

ఇప్పుడు కొలత. హెడ్డు ముఖాన్ని శుభ్రం చేసి స్ట్రెయిట్ ఎడ్జ్‌ని రెండు పొడుగు అంచుల మీద, రెండు మూలల అడ్డంగా, రెండు మూడు చోట్ల వెడల్పున పెట్టి అడుగున ఫీలర్ దూరుతుందేమో చూడండి. చాలా చిన్న కార్లకు హద్దు 0.05 మి.మీ. దగ్గర ఉంటుంది, అసలు అంకె మీ మాన్యువల్‌దే. మనం జిరాక్సు తీసుకునే కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అంటే అందులో సగం. కంటికి తిన్నగా కనబడే హెడ్డు వంకరగా ఉండొచ్చని దీనర్థం. బావ హెడ్డు మధ్యలో 0.12 వచ్చింది.

బ్లాకు ముఖాన్నీ అదే తీరులో కొలవండి. ఇది చాలామంది వదిలేస్తారు.

హద్దు దాటితే ఫేసింగ్ కొట్టించాలి, అంటే లేత్ షాపులో ముఖాన్ని చెక్కించి చదును చేయించాలి. దానికి ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి: నీటి దారులన్నీ మూసి, గాలి ఎక్కించి, వేడినీళ్లలో ముంచి బుడగలు చూస్తారు. పగిలిన హెడ్డుకి ఫేసింగ్ కొట్టించడం శవానికి క్షవరం. రెండు వాల్వు సీట్ల మధ్య భాగాన్ని ప్రత్యేకంగా చూడమనండి, పగుళ్లు ముందు అక్కడే పుడతాయి.

లేత్ షాపులో నాకు ఎదురైన మాట ఇది. "ఎందుకు సార్ తక్కువ, కాస్త ఎక్కువ లాగేస్తే అద్దంలా వస్తుంది."

"వద్దన్నా. వంకర పోయినంత వరకే. తీసేముందు ఎత్తు కొలువు, తీశాక కొలువు, రెండూ బిల్లు మీద రాయి."

ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, క్యామ్ టైమింగ్ కొంచెం జరుగుతుంది, కొన్నిటిలో వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి. మాన్యువల్‌లో కనీస ఎత్తు ఉంటే దాని కిందికి పోకూడదు. కొన్ని డీజిల్ హెడ్లను ఫేసింగ్ అసలు చేయకూడదని తయారీదారులే చెబుతారు, వాటికి కొత్త హెడ్డే గతి. వెనక్కి తెచ్చుకున్నాక మళ్లీ మీ స్ట్రెయిట్ ఎడ్జ్‌తో కొలవండి. మొహమాటం వద్దు. ముఖం మీద గోరు లాగితే ఎక్కడా తగలకూడదు.

## 8. శుభ్రం చేయడం

తొందరపడి పాడుచేసేది ఇక్కడే. గ్రైండర్‌కి పీచు చక్రం తగిలించి బ్లాకు ముఖాన్ని నిమిషంలో తళతళలాడించే వాళ్లున్నారు. ఆ చక్రం నుంచి రాలే గరుకు పొడి ఆయిల్ దారుల్లోకి దిగి బేరింగుల్ని తినేస్తుంది. గాస్కెట్ బాగు చేసిన ఇంజిన్ నెలలో టకటకమంటే కారణం తరచూ అదే. ఎమరీ కాగితం కూడా వద్దు. క్లీనర్ చల్లి నానబెట్టి ప్లాస్టిక్ బిళ్లతో గీకండి. ఆ సమయంలో సిలిండర్లలో, నీటి, ఆయిల్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కి ఉంచండి. ఎన్ని కుక్కారో లెక్క రాసుకోండి.

బోల్టు రంధ్రాల గురించి నొక్కి చెబుతున్నా. అడుగు మూసిన రంధ్రాల్లో నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. టార్క్ రెంచి క్లిక్‌మంటుంది, బోల్టు మాత్రం బిగిసి ఉండదు. ఇంకా బిగిస్తే బ్లాకే పగులుతుంది. సన్న గొట్టంతో గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి, ఎండాక చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి, మురికి నేరుగా మొహం మీదికే లేస్తుంది.

## 9. తిరిగి బిగించడం

- గాస్కెట్‌కి పై, కింద వైపులుంటాయి, ముద్రించిన గుర్తు చూడండి. తిరగేస్తే ఆయిల్ దారి మూసుకుపోవచ్చు. బ్లాకు మీద పెట్టి ప్రతి రంధ్రం కలిసిందో లేదో వేలు పెట్టి సరిచూసుకోండి.
- స్టీల్ పొరల గాస్కెట్‌కి సీలెంట్, గ్రీజు, షెల్లాక్ ఏవీ రాయొద్దు. పొడిగా, జిడ్డు లేకుండా. టైమింగ్ కవర్ కలిసే మూలల్లో మాన్యువల్ చెప్పిన చుక్క మాత్రం పెట్టండి.
- హెడ్డును పిన్నుల మీద నేరుగా దించండి. ఒకసారి కూర్చున్నాక జరపొద్దు.
- బోల్టు మరలకూ, తల కిందా పల్చగా ఇంజిన్ ఆయిల్, మాన్యువల్ వేరేగా చెప్పకపోతే. రంధ్రంలో మాత్రం పోయొద్దు.
- మధ్య నుంచి బయటికి, మాన్యువల్ వరసలో, విడతలుగా.

విడతలంటే ఎలాగో చూడండి. ఉదాహరణకు ఒక ఇంజిన్‌కి 40 న్యూటన్ మీటర్, తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అని ఉందనుకోండి (మీది ఇదే అనుకోవద్దు). అన్ని బోల్టులూ ముందు 20కి, తర్వాత 40కి తెస్తాం. ఆపైన టార్క్ రెంచి పక్కనబెట్టి, యాంగిల్ గేజితో ఒక్కో బోల్టుకి 90 డిగ్రీలు, వరస పూర్తయ్యాక రెండో 90. డిగ్రీల బిగింపులో బోల్టు రబ్బరులా కొంచెం సాగి అలా పట్టి ఉంచుతుంది. సాగినది మళ్లీ అంత గట్టిగా పట్టదు. పాత బోల్టులు వద్దనేది అందుకే. తిప్పిన ప్రతి బోల్టు తల మీద మార్కర్‌తో గీత గీయండి. ఫోను మోగి పక్కకెళ్లి వస్తే ఎక్కడున్నారో ఆ గీతే చెబుతుంది.

టైమింగ్ గుర్తులు కలిపి బెల్టు ఎక్కించాక, క్రాంకును స్పానర్‌తో చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయా చూడండి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే ఆగండి, బలం చూపొద్దు. సెల్ఫ్ కొట్టడం దీని తర్వాతే.

## 10. ఆయిల్, కూలెంట్, గాలి

ఆయిల్‌లో నీళ్లు చేరిన ఇంజిన్ అయితే చవక ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి పదిహేను నిమిషాలు నిలబెట్టి నడిపి దింపేయండి. తర్వాత అసలు ఆయిల్, రెండో ఫిల్టర్.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. కలిపి అమ్మేదైతే నేరుగా. బోరు నీళ్ల సంగతి ఇక మళ్లీ చెప్పను.

గాలి తీయడంలో తొందర పనికిరాదు. లోపల గాలి ముద్ద మిగిలితే సెన్సర్ చుట్టూ నీళ్లుండవు, ముల్లు మామూలుగానే ఉంటుంది, హెడ్డు మాత్రం కాలుతుంది.

1. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా ఆపండి. హీటర్ పూర్తి వేడికి.
2. మెల్లగా పోస్తూ హోసుల్ని నొక్కి వదులుతూ ఉండండి. గాలి తీసే స్క్రూ ఉంటే నీటి ధార ఆగకుండా వచ్చేదాకా తెరిచి ఉంచండి.
3. స్టార్ట్ చేసి మట్టం తగ్గినప్పుడల్లా పోయండి. థర్మోస్టాట్ తెరవగానే ఒక్కసారిగా తగ్గుతుంది, భయపడొద్దు.
4. మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. లోపల వేడి గాలి స్థిరంగా రావాలి.
5. రాత్రంతా చల్లార్చి, పొద్దున మట్టం చూసి నింపండి. మూడు రోజులు ఇదే పని.

మొదటి పది నిమిషాలు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ దండిగా వస్తుంది. పాత కూలెంట్ సైలెన్సర్‌లో మిగిలి ఉంటుంది, కాలిపోతుంది.

## 11. అయ్యాక తేడా కొడితే

మళ్లీ వేడెక్కుతోంది, కూలెంట్ తగ్గడం లేదు. గాలి మిగిలింది, లేదా 4వ భాగంలో ఏదో వదిలేశారు.

నీలం ద్రవం మళ్లీ రంగు మారింది. హెడ్డులోనో బ్లాకులోనో పగులు, లేదా బోల్టు రంధ్రంలో నీళ్లు. అన్ని బోల్టులూ ఇంకాస్త బిగించేద్దామన్న ఆలోచన రానీయకండి, సాగే బోల్టులు తెగుతాయి.

స్టార్ట్ అవుతోంది, ముక్కుతోంది. బెల్టు ఒక పన్ను జరిగింది. ఆపి గుర్తులు చూడండి.

హెడ్డు అంచున ఆయిల్ తడి. ముందు పైన ట్యాపెట్ కవర్ గాస్కెట్ చూడండి. అక్కడి నుంచి కారి కిందికి దిగిన ఆయిల్‌ని హెడ్డు కిందిదనుకుంటాం.

లీకు మూసే డబ్బా మందుల గురించి ఎవరో ఒకరు అడుగుతారు. ఊరవతల చిక్కుకుని ఇల్లు చేరాలంటే పనికొస్తాయేమో. గాస్కెట్ మధ్య గండిని మూస్తాయని పోసినవాళ్ల హీటర్ కోర్లు, రేడియేటర్లు మూసుకుపోవడం నేను చూశాను. అసలు రిపేరుకి వచ్చినప్పుడు ఆ జిగురంతా కడిగే పని అదనం.

## 12. మొదటి వెయ్యి కిలోమీటర్లు

బండి బయటికి తీయగానే కొండెక్కించకండి. మొదట సాఫీ రోడ్డు: తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దాకా వెళ్లి చల్లార్చి, మట్టం చూసి రండి. అంతా బాగుంటే రెండు మూడు రోజుల తర్వాత ఘాట్.

- ప్రతి పొద్దున, చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ మట్టం, డిప్‌స్టిక్ రంగు
- వారానికోసారి పై హోస్ బిగువు, చల్లగా ఉన్నప్పుడు
- 1000 కి.మీ. దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్పు
- స్టీల్ పొరల గాస్కెట్‌కి హెడ్ బోల్టులు మళ్లీ బిగించే పని లేదు, మాన్యువల్ చెబితేనే

అలిపిరి తనిఖీ దాటి రెండో ఘాట్‌లో మొదటిసారి ఎక్కేటప్పుడు ఏసీ ఆపి, చిన్న గేరులో ఇంజిన్‌ని లాగనివ్వండి. పెద్ద గేరులో ముక్కించకండి. పైన పార్కింగ్‌లో ఆపగానే ఇంజిన్ కట్టేయకుండా ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చి, ఆ తర్వాత బానెట్ ఎత్తి ఫ్యాన్ చప్పుడు వినండి, బాటిల్‌లో మట్టం చూసుకోండి. మూత మాత్రం దర్శనం అయ్యి వచ్చాకే.